వాలెస్ క్లెమెంట్ సాబిన్

వాలెస్ క్లెమెంట్ సాబిన్ (1868 జూన్ 13 - 1919 జనవరి 10) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన భౌతిక శాస్త్రవేత్త, హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. భవన ధ్వనిశాస్త్రానికి ఆద్యుడిగా ప్రసిద్ధుడు. ఒక గదిలో పుట్టిన ధ్వని ఎంతసేపు నిలిచి ఉంటుందో ఆ గది ఘనపరిమాణం, అందులోని వస్తువుల శోషణ శక్తి ఆధారంగా ముందుగానే లెక్కించవచ్చునని ఇతడు నిరూపించాడు. ఈ సంబంధాన్ని సాబిన్ సూత్రం అంటారు. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాల్ ఇతని లెక్కల ఆధారంగా నిర్మితమైనది. మహా సంగీత మందిరాల కోసం పుట్టిన ఈ సూత్రమే నేడు ఇంట్లో స్టీరియో వినే చిన్న గదిని సరిదిద్దుకొనడానికి కూడా తొలి మెట్టుగా ఉపయోగపడుతున్నది.

బాల్యము, విద్యాభ్యాసము

సాబిన్ ఒహాయో రాష్ట్రంలోని రిచ్‌వుడ్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. తండ్రి హైలస్ సాబిన్, తల్లి అన్నా వేర్ సాబిన్. పిల్లల చదువు విషయంలో తల్లికి పట్టుదల ఎక్కువ. సాబిన్ అక్క ఆనీ కూడా గణితశాస్త్రంలో రాణించింది. ఇతడు ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరి, భౌతిక శాస్త్రవేత్త థామస్ కార్విన్ మెండెన్‌హాల్ వద్ద చదువుకొని, 1886లో తన 18వ ఏట పట్టభద్రుడయ్యాడు. ఆ తరువాత హార్వర్డ్‌లో చేరి 1888లో మాస్టర్స్ పట్టా పొందాడు. అక్కడే బోధకుడిగా కుదురుకొని, ఆచార్యుడు జాన్ ట్రోబ్రిడ్జ్‌తో కలిసి విద్యుత్తు, కాంతి విషయాలపై పరిశోధనలు చేశాడు. డాక్టరేటు కోసం ఇతడు చదవలేదు. అయినప్పటికీ 1895లో సహాయ ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. అప్పటికి ధ్వనిశాస్త్రంలో ఇతనికి ప్రత్యేకమైన కృషి ఏమీ లేదు. మంచి బోధకుడిగానే పేరు ఉండేది.

ఫాగ్ ఉపన్యాస మందిరం సమస్య

1895లో హార్వర్డ్‌లో ఫాగ్ కళా ప్రదర్శనశాల ప్రారంభమైనది. దాని రూపశిల్పి ఆ కాలంలో అమెరికాలో అగ్రగణ్యుడైన రిచర్డ్ మారిస్ హంట్. భవనంలోని ఉపన్యాస మందిరం చూడడానికి చక్కగా ఉన్నా, అందులో మాట్లాడిన మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒక మాట పూర్తిగా అణగిపోయేలోపు తరువాతి మాటలు పది, పదిహేను దానిపై వచ్చి పడేవి. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ విలియం ఎలియట్ ఈ లోపాన్ని సరిచేసే పనిని భౌతిక శాస్త్ర విభాగానికి అప్పగించగా, ఆ భారం విభాగంలో చిన్నవాడైన సాబిన్‌పై పడినది.

ఇక్కడ రెండు పదాల తేడాను గమనించాలి. ధ్వని దూరపు గోడను తాకి, విడిగా మరొకసారి వినిపిస్తే దానిని ప్రతిధ్వని అంటారు. గోడలు, కప్పు, నేల మధ్య ధ్వని అనేక పర్యాయాలు పరావర్తనం చెంది, ఒకదానితో ఒకటి కలిసిపోయి, క్రమంగా సన్నగిల్లుతూ కొంతసేపు నిలిచి ఉంటే దానిని ప్రతినాదం అంటారు. ఫాగ్ మందిరానికి పట్టిన జబ్బు ప్రతినాదం.

ఆ రోజులలో మందిరాల ధ్వనిని గురించి శాస్త్రీయమైన అవగాహన దాదాపు లేదు. పొడవు, వెడల్పు, ఎత్తులు ఫలానా నిష్పత్తిలో ఉంటే ధ్వని బాగుంటుందని కొందరు నమ్మేవారు. మందిరం పైభాగంలో తీగలు కడితే ధ్వని చక్కబడుతుందని మరికొందరు నమ్మి, అలాగే కట్టించేవారు. ఆ తీగల వలన ప్రయోజనం శూన్యమని సాబిన్ తరువాత స్పష్టం చేశాడు. మంచి మందిరం అమరడం అదృష్టంగా భావించబడేది. దానిని కొలవదగిన విషయంగా మార్చడమే సాబిన్ సాధించిన పని.

మెత్తలతో ప్రయోగాలు

నాటికి మైక్రోఫోను, ఆంప్లిఫయరు వంటి పరికరాలు పరిశోధకులకు అందుబాటులో లేవు. సాబిన్‌కు ఉన్న సాధనాలు మూడే: గాలి తొట్టితో మోగే 512 కంపనాల ఆర్గాన్ గొట్టం, కాలాన్ని నమోదు చేసే క్రోనోగ్రాఫ్ యంత్రం, తన చెవి. గొట్టాన్ని మోగించి, గాలిని ఆపివేసిన క్షణం నుండి ధ్వని వినబడకుండా పోయే క్షణం వరకు గడచిన కాలాన్ని నమోదు చేసేవాడు. ఖాళీగా ఉన్న ఫాగ్ మందిరంలో ఆ కాలం 5.62 సెకన్లు.

హార్వర్డ్‌లోనే ఉన్న సాండర్స్ థియేటరులో మాట స్పష్టంగా వినిపించేది. అక్కడి ఆసనాలపై మెత్తలు ఉండేవి. ఆ మెత్తలను ఫాగ్ మందిరానికి మోయించి, కొన్ని కొన్నిగా పరచి, ప్రతిసారీ కాలాన్ని కొలిచాడు. మెత్తలు పెరిగిన కొలదీ కాలం తగ్గినది. చివరకు అన్ని మెత్తలను కుర్చీలపైన, నడవాలలో, వేదికపైన, వెనుక గోడ వెంట నింపగా అది 1.14 సెకన్లకు దిగినది.

పగటిపూట ట్రాము బండ్లు, బాటసారుల చప్పుడు వలన కొలతలు సాధ్యమయ్యేవి కావు. అందువలన ఇద్దరు సహాయకులతో కలిసి అర్ధరాత్రి దాటిన తరువాత పని మొదలుపెట్టి, తెల్లవారక ముందే మెత్తలను తిరిగి సాండర్స్ థియేటరుకు చేర్చేవాడు. ఈ విధంగా రెండు సంవత్సరాలకు పైగా గడచినవి.

ఇతని నిశిత దృష్టికి ఒక సంఘటన ఉదాహరణగా నిలుస్తుంది. కొలతలలో స్వల్పమైన తేడాలు ఎందుకు వస్తున్నాయో వెదకగా, కారణం తాను ధరించిన దుస్తులేనని తేలినది. మందిరంలో ఉన్న మనిషి కూడా ధ్వనిని పీల్చుకుంటాడు. ఆ పీల్చుకొనే మోత దుస్తులను బట్టి మారుతుంది. దీనిని గుర్తించిన వెంటనే అంతవరకు సేకరించిన వేలాది పరిశీలనలను ప్రక్కకు పెట్టి, ప్రతిరాత్రీ ఒకే రకమైన దుస్తులు ధరించి, ప్రయోగాలను మొదటి నుండి చేశాడు.

సాబిన్ సూత్రం

1898 అక్టోబరు నెలాఖరున సాబిన్ తన కొలతల వరుసను పరిశీలిస్తూ ఉండగా దానిలోని క్రమం స్ఫురించినది. మొత్తం శోషణకు, ప్రతినాద కాలానికి మధ్య గీచిన రేఖ లంబ అతిపరావలయమని, అనగా ఆ రెండింటి లబ్ధం స్థిరమని గ్రహించాడు. ఆ స్థిరరాశి గది ఘనపరిమాణానికి అనులోమానుపాతంలో ఉంటుందని తరువాత చూపాడు. నేటి రూపంలో సూత్రం ఇది:

ప్రతినాద కాలం (సెకన్లలో) = 0.161 × గది ఘనపరిమాణం (ఘనపు మీటర్లలో) ÷ మొత్తం శోషణ

ధ్వని తీవ్రత పది లక్షలవ వంతుకు, అనగా 60 డెసిబెల్‌లు, తగ్గడానికి పట్టే కాలమే ప్రతినాద కాలం. శోషణకు ప్రమాణంగా సాబిన్ తెరచిన కిటికీని ఎంచుకున్నాడు. కిటికీ గుండా బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు కనుక దాని గుణకం 1. మిగిలిన వస్తువులను దానితో పోల్చి గుణకాలను నిర్ణయించాడు. 512 కంపనాల స్వరానికి ఇతడు ప్రకటించిన విలువలలో కొన్ని:

సిమెంటుతో కట్టిన ఇటుక గోడ - 0.025
చెక్క పట్టీలపై గచ్చు పూత - 0.034
కిటికీ అద్దం - 0.027
చెక్క పలకల తాపడం - 0.061
సాధారణ తివాచీ - 0.20
బరువైన తూర్పుదేశపు తివాచీ - 0.29
గోడకు 8 సెంటీమీటర్ల దూరంలో అమర్చిన 2.5 సెంటీమీటర్ల రోమపు ఫెల్టు - 0.78
ఒక్కొక్క శ్రోత - 0.44 చదరపు మీటర్ల తెరచిన కిటికీకి సమానం

ఈ పట్టికతో ఒక గది కట్టక ముందే దాని ప్రతినాద కాలాన్ని కాగితంపై లెక్కించడం సాధ్యమైనది. ఫాగ్ మందిరం గోడలపై ఫెల్టు అమర్చగా అది ఉపన్యాసాలకు పనికివచ్చేదిగా మారినది. ఆ భవనం 1973లో కూల్చివేయబడినది.

బోస్టన్ సింఫనీ హాల్

బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా వ్యవస్థాపకుడు హెన్రీ లీ హిగిన్సన్ అప్పట్లో కొత్త మందిరం నిర్మించే ప్రయత్నంలో ఉన్నాడు. రూపకల్పన బాధ్యత మెకిమ్, మీడ్ అండ్ వైట్ సంస్థది. చార్లెస్ మెకిమ్ మొదట ప్రాచీన గ్రీకు నాటకశాల వంటి అర్ధవృత్తాకారపు నమూనాను తయారు చేశాడు. తరువాత దానిని విడిచి దీర్ఘచతురస్రాకారపు మందిరాన్ని ఎంచుకున్నారు. ఎలియట్ సూచనపై హిగిన్సన్ సాబిన్ సలహాను కోరాడు. అప్పుడే రూపుదిద్దుకున్న సూత్రాన్ని నమ్ముకొని సాబిన్ ఆ బాధ్యతను స్వీకరించాడు.

జర్మనీలోని లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్‌ను, బోస్టన్‌లోని పాత సంగీత మందిరాన్ని ఇతడు ప్రమాణాలుగా తీసుకున్నాడు. లెక్క ప్రకారం వాటి ప్రతినాద కాలాలు వరుసగా 2.30, 2.44 సెకన్లు కాగా, కొత్త మందిరానికి 2.31 సెకన్లు వస్తుందని అంచనా వేశాడు. 1900 అక్టోబరు 15న మందిరం ప్రారంభమైనది. ధ్వనిశాస్త్ర నియమాలను అనుసరించి లెక్కించి కట్టిన తొలి సంగీత మందిరం ఇదే.

అయితే తొలినాటి స్పందన ఇతడు ఆశించినట్లు లేదు. కొందరు విమర్శకులు మందిరపు ధ్వనిలో నిండుదనం లేదని పత్రికలలో వ్రాశారు. ఇది సాబిన్‌ను బాధించినది. తరువాతి కాలంలో జరిపిన కొలతలలో, నిండు సభలో ప్రతినాద కాలం 1.8 - 1.9 సెకన్లు మాత్రమే ఉన్నట్లు తేలినది. శోషణను శ్రోతల సంఖ్యను బట్టి కాక వారు కూర్చున్న వైశాల్యాన్ని బట్టి లెక్కించాలని 1960లలో లియో బెరనెక్ చూపాడు. సాబిన్ అంచనా తప్పడానికి ఇది ఒక ముఖ్య కారణం. విశేషమేమంటే, ఆర్కెస్ట్రా సంగీతానికి 1.8 - 1.9 సెకన్లే చక్కగా అమరే విలువగా నేడు గుర్తింపు పొందినది. సుమారు 2,600 మంది కూర్చోగల ఈ మందిరం ప్రపంచంలోని అత్యుత్తమ సంగీత మందిరాలలో ఒకటిగా పరిగణింపబడుతున్నది. ఆ కీర్తి స్థిరపడేనాటికి సాబిన్ జీవించి లేడు.

అదే 1900లో సాబిన్ వైద్యురాలైన జేన్ డౌన్స్ కెల్లీని వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమార్తెలు.

సంగీతజ్ఞుల అభిరుచిపై ప్రయోగం

ప్రతినాద కాలాన్ని లెక్కించడం ఒక ఎత్తు. ఎంత ఉంటే వినసొంపుగా ఉంటుందో తెలుసుకొనడం మరొక ఎత్తు. 1902లో బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ సంగీత కళాశాలలో పియానో గదుల విషయమై సలహా కోరగా, సాబిన్ ఈ ప్రశ్నను కూడా ప్రయోగానికి పెట్టాడు. అయిదు చిన్న గదులలో మెత్తలను హెచ్చిస్తూ, తగ్గిస్తూ పియానో వాయింపజేసి, ఎప్పుడు బాగున్నదో చెప్పమని అక్కడి సంగీతజ్ఞులను కోరాడు. వారికి కొలతల సంగతి తెలియదు. ఆ తరువాత ఒక్కొక్క గదిలో ప్రతినాద కాలాన్ని కొలిచి చూడగా, వారు మెచ్చిన స్థితుల సగటు 1.08 సెకన్లుగా, గది గదికీ అతి స్వల్పమైన తేడాతో వచ్చినది. అభిరుచి వంటి విషయంలో కూడా చెవి ఇంత ఖచ్చితంగా తీర్పు చెప్పగలదని దీనివలన తెలిసినది. నివాస గదుల వంటి చిన్న గదుల ధ్వనిపై జరిగిన తొలి శాస్త్రీయ పరిశీలనలలో ఇది ఒకటి.

ఇతర పరిశోధనలు

512 కంపనాలతో ఆగక, 64 నుండి 4,096 కంపనాల వరకు గల స్వరాలకు వస్తువుల శోషణను సాబిన్ కొలిచాడు. ఒకే వస్తువు హెచ్చు స్వరాలను ఎక్కువగా, మంద్ర స్వరాలను తక్కువగా పీల్చుకోవచ్చునని చూపాడు. నాటకశాలల చిన్న నమూనాలలో విద్యుత్ స్ఫులింగంతో ధ్వని తరంగాన్ని పుట్టించి, అది గోడల నుండి పరావర్తనం చెందే తీరును ఛాయాచిత్రాలుగా తీశాడు. రఫాయెల్ గువాస్టవినో (చిన్న) తో కలిసి ధ్వనిని పీల్చుకొనే రంఫర్డ్, అకూస్టోలిత్ అనే కట్టడపు పలకలను రూపొందించాడు. న్యూయార్కులోని సెయింట్ థామస్ చర్చిలో రంఫర్డ్ పలకలను వాడారు.

విశ్వవిద్యాలయ పాలనలో కూడా ఇతనికి ఊపిరి సలపని బాధ్యతలు ఉండేవి. 1906లో లారెన్స్ సైంటిఫిక్ స్కూలు డీన్‌గా, తరువాత అనువర్తిత శాస్త్రాల పట్టభద్ర పాఠశాల డీన్‌గా పనిచేశాడు. 1914లో హాలిస్ ఆచార్య పీఠాన్ని అధిష్ఠించాడు. పూర్తిగా తృప్తి కలిగితే తప్ప ఫలితాలను ప్రచురించని స్వభావం వలన ఇతని రచనలు కొద్దిగానే మిగిలినవి. అవి 1922లో ధ్వనిశాస్త్ర వ్యాస సంపుటిగా వెలువడినవి.

యుద్ధకాలం, మరణం

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో 1916లో సాబిన్ ఫ్రాన్సు వెళ్ళి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ యుద్ధ సహాయ సంఘం తరఫున క్షయరోగుల సహాయ కార్యక్రమాలలో పాల్గొన్నాడు. పారిస్‌లోని సార్బోన్‌లో ఉపన్యాసాలు ఇచ్చాడు. అక్కడే మూత్రపిండాల వ్యాధి సోకినది. కోలుకొనీ కోలుకొనకుండానే మిత్రదేశాల వైమానిక దళాలకు సాంకేతిక సలహాదారుగా పనిచేశాడు. 1917లో స్వదేశానికి తిరిగి వచ్చి, వాషింగ్టన్‌లో సైనిక విమాన విభాగానికి సేవలందిస్తూనే హార్వర్డ్‌లో పాఠాలు చెప్పేవాడు. శస్త్రచికిత్స అవసరమని తెలిసినా, యుద్ధం ముగిసేవరకు అందుకు ఒప్పుకోలేదు. యుద్ధ విరమణ జరిగిన రెండు నెలలకు, శస్త్రచికిత్స అనంతరం 1919 జనవరి 10న మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 50 సంవత్సరాలు.

ఇంటి స్టీరియో గదికి సాబిన్ సూత్రం

స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చినది 1950ల చివరిలో. అనగా సాబిన్ మరణించిన దాదాపు నలభై సంవత్సరాలకు. అయినా అవి వినే గదికి ఇతని సూత్రమే ఆధారం. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిని తీసుకుందాం. ఘనపరిమాణం 60 ఘనపు మీటర్లు, గోడలు, కప్పు, నేల కలిపి 94 చదరపు మీటర్లు. గచ్చు గోడలు, రాతి నేలకు సగటు గుణకం 0.03 అనుకుంటే మొత్తం శోషణ 2.8. సూత్రం ప్రకారం ప్రతినాద కాలం సుమారు 3.4 సెకన్లు. సామాను లేని కొత్త ఇంట్లో మాట గింగురుమనడానికి కారణం ఇదే.

ఆ గదిలో 6 చదరపు మీటర్ల బరువైన తివాచీ (1.7), 0.23 గుణకం గల 8 చదరపు మీటర్ల మందపాటి తెరలు (1.8), ఇద్దరు మనుషులు (0.9) చేరితే శోషణ 7.3కు పెరిగి, కాలం సుమారు 1.3 సెకన్లకు తగ్గుతుంది. మెత్తని సోఫాలు, పరుపులు, పుస్తకాల అరలు దానిని ఇంకా తగ్గిస్తాయి. స్టీరియో వినే గదికి 0.3 నుండి 0.6 సెకన్ల వరకు అనువైనదని నేటి నిపుణుల అభిప్రాయం.

సంగీతజ్ఞులు మెచ్చిన 1.08 సెకన్ల కన్న ఇది తక్కువ కావడానికి కారణం ఉన్నది. వారు విన్నది గదిలో స్వయంగా మోగిన పియానో. దాని నిండుదనానికి గది తోడ్పడాలి. రికార్డులో మాత్రం కచేరీ జరిగిన మందిరపు ప్రతినాదం ముందే చేరి ఉంటుంది. దానికి మన గది ప్రతినాదం కూడా తోడైతే వాద్యాల స్పష్టత, వాటి స్థానాలు చెదరిపోతాయి. అలాగని గోడలన్నిటినీ మెత్తలతో కప్పితే ధ్వని నిర్జీవంగా ఉంటుంది.

మెత్తను ఎక్కడ ఉంచాలో కూడా తేలికగా తెలుసుకోవచ్చు. సాబిన్ ఛాయాచిత్రాలు చూపినట్లు, నునుపైన పెద్ద గోడ ధ్వనిని అద్దం కాంతిని తిప్పికొట్టినట్లే తిప్పికొడుతుంది. శ్రోత తన స్థానంలో కూర్చొని ఉండగా మరొకరు ప్రక్క గోడ వెంట చిన్న అద్దాన్ని జరపాలి. అద్దంలో స్పీకరు కనిపించిన చోటునే తొలి పరావర్తనం జరుగుతుంది. అక్కడ మందపాటి శోషక పలకను గాని, పుస్తకాల అరను గాని ఉంచితే ఫలితం ఉంటుంది.

సూత్రపు పరిమితులు

ధ్వని గది అంతటా సమానంగా వ్యాపించి ఉన్నదనే ఊహపై సాబిన్ సూత్రం ఆధారపడి ఉన్నది. శోషణ బాగా ఎక్కువైన గదులలో ఇది వాస్తవం కన్న ఎక్కువ కాలాన్ని చూపుతుంది. 1930లో కార్ల్ ఐరింగ్ దీనికి సవరణ ప్రతిపాదించాడు. చిన్న గదులలో మరొక చిక్కు ఉన్నది. పైన చెప్పిన గదిలో సుమారు 180 హెర్ట్‌జ్ కన్న తక్కువ స్వరాల వద్ద స్థిర తరంగాలు ఏర్పడతాయి. 5 మీటర్ల పొడవుకు అందులో మొదటిది సుమారు 34 హెర్ట్‌జ్ వద్ద వస్తుంది. అందువలన కొన్ని మంద్ర స్వరాలు ఒకచోట హోరెత్తి, మరొకచోట మాయమవుతాయి. పలుచని తివాచీ, తెరలు వీటిని ఆపలేవు. స్పీకర్లను, కుర్చీని గోడలకు కొంత దూరం జరపడం, గది మూలలలో బాగా మందమైన శోషకాలను ఉంచడం దీనికి మార్గాలు.

స్మృతి

శోషణకు ప్రమాణమైన సాబిన్ అనే కొలమానం ఇతని పేరిట ఏర్పడినదే. ఒక చదరపు మీటరు తెరచిన కిటికీ ఒక మెట్రిక్ సాబిన్‌కు సమానం. ఇల్లినాయ్ రాష్ట్రంలోని జెనీవాలో జార్జ్ ఫాబియన్ ఇతని కోసం నిర్మించిన రివర్‌బ్యాంక్ ధ్వని పరిశోధనశాల బాధ్యతను, ఇతని మరణానంతరం దాయాది సోదరుడు పాల్ సాబిన్ స్వీకరించాడు. అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం భవన ధ్వనిశాస్త్రంలో విశిష్ట కృషి చేసినవారికి 1957 నుండి సాబిన్ పేరిట పతకాన్ని ప్రదానం చేస్తున్నది. మన దేశంలో ఇంజనీరింగు విద్యార్థుల భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో కూడా సాబిన్ సూత్రం చోటుచేసుకొన్నది.